కుసుమ నూనె సన్‌స్క్రీన్: కొన్నేళ్లు వాడిన తర్వాత

ఈ క్రీములో ఎండను అడ్డుకునేది జింక్ ఆక్సైడ్. ఆ జింక్‌ను విసుగు లేకుండా ప్రతి ఉదయం రాసుకోగలుగుతున్నానంటే అది కుసుమ నూనె చలవే. తాండూరు ప్రాంతంలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేస్తూ ప్రార్థన మొదలు సాయంత్రం ఆటల పీరియడ్ దాకా మైదానంలోనే ఉంటాను. అంతకు ముందు వాడిన సన్‌స్క్రీన్‌లు చెమటతో కలిసి కళ్లలోకి దిగి మండించేవి. ఇందులో ఆ మంట లేదు. నీటి ఆధారంగా చేసిన జింక్ క్రీములు నా చామనఛాయ ముఖంపై సున్నం పూసినట్టు తేలేవి; నూనెలో బాగా కలిసిన జింక్ రేణువులు ఉండలు కట్టకుండా పరుచుకుంటాయి కాబట్టి ఇక్కడ ఆ తెల్లదనం బాగా తగ్గింది.

అందుకే ఒక ఏప్రిల్‌లో జరిగినది నన్ను అంతగా బాధపెట్టింది. ముద్రించిన గడువుకు ఇంకా చాలా నెలలుండగానే, డబ్బా మూత తీస్తే ముక్కిపోయిన నూనె వాసన గుప్పుమంది. క్రీము పసుపు రంగుకు తిరిగింది. అంతకు ముందు రెండు మూడు రోజులుగా చెంపలపై వస్తున్న దురద, ఎరుపు దేనివల్లో అప్పుడు అనుమానం కలిగింది. రాయడం మానేశాక అవి తగ్గాయి. తయారీదారుకు రాస్తే, సహజ పదార్థాలు కనుక వాసనలో మార్పు మామూలేనని జవాబు వచ్చింది. కుసుమ పండే నేలపై బతికేవాళ్లకు చెప్పవలసిన జవాబు కాదది. నూనె ఎప్పుడు పాడయిందో మా ఇళ్లలో వాసన చూసి చెప్పగలరు.

మామూలు కుసుమ నూనెలో దాదాపు నాలుగింట మూడు వంతులు లినోలిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లమే. చర్మానికి మేలు చేస్తుందని అట్టపై గొప్పగా రాసుకునేదీ, గాలిలోని ఆక్సిజన్‌తో త్వరగా చర్య జరిపి నూనెను ముక్కిపోయేలా చేసేదీ అదే. వెడల్పు మూతి డబ్బాలో వేలు ముంచిన ప్రతిసారీ లోపలికి గాలి చేరుతుంది. 40 డిగ్రీలు దాటే మా వేసవి ఆ చర్యను ఇంకా తొందరపెడుతుంది. పైపూత లేని జింక్ రేణువులకు వెలుతురు తగిలితే అవి కూడా పక్కనున్న నూనెను ఆక్సీకరణం చెందిస్తాయి. అందువల్లనే జాగ్రత్త గల తయారీదారులు రేణువులకు సిలికా వంటి పూత వేస్తారు, విటమిన్ ఇ కలుపుతారు, గాలి చొరని పంపు సీసాలో నింపుతారు. ఆక్సిజన్‌తో అంత త్వరగా చర్య జరపని ఒలీక్ ఆమ్లం ఎక్కువగా ఉండే కుసుమ రకాల నూనె అయితే చాలా కాలం నిలుస్తుంది. కానీ పదార్థాల పట్టికలో సాధారణంగా ‘కార్థమస్ టింక్టోరియస్’ అన్న వృక్షశాస్త్ర నామమే కనిపిస్తుంది, దాన్నిబట్టి రకం తెలియదు.

నూనెలకు సొంతంగా ఎండను ఆపే శక్తి ఉందన్న ప్రచారాన్ని మాత్రం గట్టిగా కాదంటాను. కొబ్బరి నూనెకు 7 దాకా ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే కొలత) ఉందని తిరిగే అంకె, పలచన చేసిన నూనెను ప్రయోగశాల పరికరంలో పెట్టి కొలిచినది. సన్‌స్క్రీన్ డబ్బాపై వేసే ఎస్‌పీఎఫ్‌ను ప్రామాణిక పద్ధతిలో మనుషుల చర్మంపై, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు. ఈ రెండూ ఒకటి కావు. సన్‌స్క్రీన్ బదులు వట్టి నూనె రాసి పిల్లలను ఎండలోకి పంపడం నాకు భయం కలిగిస్తుంది.

ఇప్పుడు అదే క్రీమును పంపు సీసాలో, చిన్న పరిమాణంలో కొంటున్నాను. వాసన తేడా మళ్లీ రాలేదు. చెమటకు చెక్కుచెదరదని మొదట్లో తోటి ఉపాధ్యాయులకు చెప్పాను. కానీ తువ్వాలుతో ముఖం తుడిస్తే పోతుంది కాబట్టి మధ్యాహ్నం మళ్లీ రాయక తప్పదు, ఆ రెండో పూతకు ముఖం జిడ్డుగా మెరుస్తుంది. నాది పొడి చర్మం, మాది పొడి గాలి. అందుకే నాకు సరిపోయింది. విశాఖ ఉక్కపోతలో ఉండే మా చెల్లెలికి ఇదే క్రీముతో నుదుటిపై మొటిమలు లేచాయి, తను మానేసింది. పొడి చర్మం ఉన్నవాళ్లు, పంపు సీసా దొరికితే, వేసవికి ముందే ఒక చిన్నది కొని చెవి వెనుక రాసి చూసుకోవచ్చు. వెడల్పు మూతి డబ్బాలో అయితే సగం ధరకు ఇచ్చినా నేను కొనను.