పాత బరువు సైకిలా, కొత్త గేర్ల సైకిలా: పనికి వెళ్లడానికి ఏది మేలు?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఆటోనగర్‌కు రోజూ సైకిలు మీద పనికి వెళ్లే మనిషికి, ఇంట్లో ఉన్న 28 అంగుళాల చక్రాల పాత సైకిలును బాగు చేయించుకోవాలా, దాన్ని అమ్మేసి గేర్ల సైకిలు కొనుక్కోవాలా అన్న సందేహం వస్తే, చుట్టుపక్కల వాళ్లు మొదట మాట్లాడేది బరువు గురించే. కారియరు, స్టాండు, చైన్ కవరుతో కలిపి పాతది సుమారు 22 కిలోలు తూగుతుంది. గేర్లది 14 కిలోల దగ్గర ఉంటుంది. ఈ 8 కిలోలకు మనం ఇవ్వవలసిన దానికంటే ఎక్కువ విలువ ఇస్తున్నామని నా అభిప్రాయం.

తొక్కే మనిషి 65 కిలోలుంటే, పాత సైకిలుతో కలిపి కదలవలసిన మొత్తం బరువు 87, కొత్తదానితో 79. అంటే తేడా పదింట ఒక వంతు కూడా లేదు. చదును రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు బరువు వల్ల పెరిగేది టైర్ల రాపిడి మాత్రమే. ఎదురుగాలికి సైకిలు బరువుతో పనిలేదు. 8 మీటర్ల ఎత్తున్న ఫ్లైఓవరు ఎక్కినా, అదనంగా పడే శ్రమ 8 లీటర్ల నీళ్లను రెండంతస్తుల పైకి మోసినంతే. నిజానికి పాత సైకిలు నడక భారమవడానికి చాలాసార్లు కారణం గాలి తగ్గిన టైర్లు, నూనె చూడని చైను. గాలి కొట్టే వాల్వుకు తొడిగే పాత రకం చిన్న రబ్బరు గొట్టం, అంటే వాల్ ట్యూబు, నుంచి గాలి కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంటుంది కనుక, వారానికి ఒకసారైనా గాలి కొట్టించనివాడు సైకిలు బరువును తిట్టడం న్యాయం కాదు.

బరువు తెలిసేది తొక్కేటప్పుడు కాదు, ఎత్తేటప్పుడు. లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తులో ఉంటూ, కింద సైకిలు పెట్టుకునే చోటు లేనివారికి ఈ చర్చంతా అనవసరం. వాళ్లు తేలికది కొనుక్కోవడమే మంచిది.

అసలు తేడా గేర్లలో ఉంది. ముందు 44 పళ్లు, వెనక చక్రానికి చైను తగిలే పళ్ల చక్రానికి, అంటే ఫ్రీవీలుకు, 18 పళ్లు ఉన్న పాత సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 50 చుట్లు తొక్కితే గంటకు 16 కిలోమీటర్ల వేగం వస్తుంది. బందరు రోడ్డు లాంటి చదును దారిలో ఆరేడు కిలోమీటర్ల ప్రయాణానికి అంతకంటే ఏం కావాలి? సిగ్నళ్ల దగ్గర ఆగేసరికి గేర్ల సైకిలు వాడూ మన పక్కనే ఉంటాడు. అదే బంజారాహిల్స్ ఎత్తుల్లోనో, విశాఖలోని కొండవాలు వీధుల్లోనో అయితే ఆ ఐదున్నర మీటర్లే శిక్షగా మారుతుంది. అక్కడ ఒక చుట్టుకు రెండు మూడు మీటర్లు మాత్రమే పోయే చిన్న గేరు లేకపోతే దిగి తోసుకుంటూ నడవక తప్పదు.

పాత సైకిలు పక్షాన ఎంత మాట్లాడినా, వానలో దాని బ్రేకులను నేను సమర్థించలేను. కమ్మీలతో పనిచేసే ఆ బ్రేకుల రబ్బర్లు క్రోమియం పూత వేసిన ఇనుప రిమ్మును పట్టుకోవాలి. రిమ్ము తడిసిందంటే జారిపోతాయి, ఆగవలసిన చోటు దాటి చాలా దూరం పోతాం. డిస్కు బ్రేకులున్న కొత్త సైకిలుకు ఈ చిక్కు చాలా తక్కువ. పాతదాన్ని ఉంచుకునేవారు వానాకాలం ముందే రబ్బర్లు మార్పించి, తడి రోజుల్లో వేగం సగానికి తగ్గించుకోవాలి.

ఇక రోజువారీ వాడకంలో పాతదానిదే పైచేయి. చైన్ కవరు ఉంది కాబట్టి ప్యాంటుకు మడ్డి అంటదు, మడ్‌గార్డులు నిండుగా ఉంటాయి, టిఫిన్ క్యారేజీ వెనక కట్టుకోవచ్చు, నిటారుగా కూర్చుంటాం కనుక ట్రాఫిక్కు బాగా కనిపిస్తుంది. ఒక పుల్ల విరిగి చక్రం కాస్త వంకర తిరిగినా ఇల్లు చేరుస్తుంది. పెడలు కాడను ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను వదులై పెడలు టక్కుటక్కుమంటే ఏ వీధి చివరి షాపులోనైనా బిగిస్తారు. గేరు మార్చే భాగం వంగితే మాత్రం ఆ పని తెలిసినవాడి కోసం వెతుక్కోవాలి.

బ్యాటరీ సైకిళ్లను కొందరు మూడో దారిగా చెబుతున్నారు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటనివాటికి రిజిస్ట్రేషను అక్కరలేదన్నది సౌకర్యమే. కానీ వాటిలో చాలావాటి బరువు మళ్లీ 20 కిలోల పైమాటే, ఛార్జింగు అయిపోయాక తొక్కవలసింది మనమే.

కాబట్టి దారి చదునుగా ఉండి, ఒకటి రెండు ఫ్లైఓవర్లే అడ్డమైతే, కొత్త సైకిలు కొనేముందు పాతదానికి 18 పళ్ల ఫ్రీవీలు తీయించి 22 పళ్లది వేయించి చూడమంటాను. చైనుకు ఒక లింకు కలపవలసి రావచ్చు. అప్పుడు ఒక చుట్టుకు నాలుగున్నర మీటర్లు పోతుంది. వేగం కొంచెం తగ్గుతుంది గానీ ఎక్కుడులో మోకాళ్లు అంతగా మొరపెట్టుకోవు. అప్పటికీ రోజూ ఏదో ఒకచోట దిగి తోయవలసి వస్తుంటే, గేర్ల సైకిలు కొనుక్కోవచ్చు.