వేడి మీద మొండికేసే డీజిల్ బండికి లీకాఫ్ సీసాల కిట్: నాలుగేళ్ల వాడకం తర్వాత

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకునే బండి, మే నెల మధ్యాహ్నం మెహదీపట్నం ట్రాఫిక్‌లో కాగి పది నిమిషాలు ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. గంట చల్లారితే మామూలే. పాత కామన్ రైల్ బండ్లకు, అంటే పంపు తోసిన డీజిల్ 'రైలు' అనే ఒకే గొట్టంలో ప్రెషర్‌తో నిలిచి ఇంజెక్టర్లన్నిటికీ అందే బండ్లకు, ఈ జబ్బు ఎక్కువ. గ్యారేజీలో వినబడే మొదటి మాట "పంపు పోయింది", కాదంటే "నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలి". రెండూ పెద్ద ఖర్చులే. దేనికైనా తలూపే ముందు, ఒక్కో ఇంజెక్టర్ నుంచి ట్యాంకుకు తిరిగిపోయే డీజిల్‌ను (లీకాఫ్) కొలిచే ఈ కిట్‌తో అరగంట పరీక్ష చేయాలి. కిట్‌లో ఉండేవి గీతలున్న నాలుగు సీసాలు, లోపలిది కనబడే నాలుగు గొట్టాలు, ఇంజెక్టర్ రిటర్న్ మూతికి పెట్టే అడాప్టర్లు, అంతే.

వేడెక్కిన డీజిల్ పలచబడుతుంది. ఇంజెక్టర్ లోపలి కంట్రోల్ వాల్వ్ సీటు అరిగి ఉంటే ఆ పలచటి డీజిల్ రిటర్న్‌లోకి జారిపోతుంది. సెల్ఫ్ మీద ఇంజిన్ తిరిగేది సుమారు 200 నుంచి 250 ఆర్‌పీఎం. ఆ వేగానికి పంపు తోసేదే కొంచెం, అందులో ఎక్కువ భాగం కారిపోతే రైలులో ప్రెషర్ ఎక్కదు. చాలా బండ్లలో అది 200 బార్ దరిదాపులకు చేరేదాకా ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంజెక్టర్లను తెరవదు. ఇంజిన్ ఒకసారి నడిస్తే పంపు వేగం పెరిగి ఆ నష్టాన్ని పూడ్చేస్తుంది కాబట్టి రోడ్డు మీద లాగుడులో తేడా తెలియకపోవచ్చు.

అయితే సీసాలు బయటికి తీసే ముందు చూడాల్సినవి రెండున్నాయి. సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే గొడవ డీజిల్‌ది కాదు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ ప్లస్‌కూ సెల్ఫ్ మోటర్ లావు టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.5 వోల్టు దాటితే కేబుల్‌లో నష్టం ఉంది. బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య 0.3 దాటితే ఎర్త్ పట్టీ విప్పి, గీకి, బిగించాలి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఈసీయూ అంకెలు చూపే స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే ఇంజిన్ వేగం చదివే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించాలి, దాని లోపలి తీగ చుట్ట వేడికి తెగి చల్లారాక మళ్లీ కలుస్తుంది. తడిగుడ్డతో సెన్సర్‌ని చల్లబరిచాక బండి అందుకుంటే అనుమానం బలపడినట్టే. ఆర్‌పీఎం వస్తూ రైల్ ప్రెషర్ ఎక్కనప్పుడే సీసాల వంతు. చౌక స్కానర్లు చదవలేని పాత బండ్లు కూడా ఉన్నాయి, వాటికి గ్యారేజీ స్కానర్ కావాల్సిందే.

పరీక్ష ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే చేయాలి. చల్లటి బండి మీద నాలుగు ఇంజెక్టర్లూ మంచివే అనిపిస్తాయి. రిటర్న్ గొట్టాల క్లిప్పులు తీసి, ఒక్కో ఇంజెక్టర్‌కు ఒక్కో సీసా తగిలించి, ట్యాంకు వైపు పోయే మూతిని బోల్టుతో మూసేయండి. ఇంజెక్టర్ల కరెంటు ప్లగ్గులు ఊడదీసి 10 సెకన్లు సెల్ఫ్ కొట్టి, ఒక నిమిషం ఆగి, ఇంకోసారి కొట్టండి. మంచి ఇంజెక్టర్ గొట్టం కాస్త తడుస్తుంది, అరిగినదాని సీసాలో కళ్లముందే డీజిల్ ఎక్కుతుంది. బండి ఎలాగో స్టార్ట్ అయితే 3 నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి మట్టాలు పోల్చండి. ఒకటి మిగతావాటికి రెండు మూడింతలుంటే దొంగ అదే. ప్లగ్గులు తీసినందుకు పడే ఫాల్ట్ కోడ్లను తర్వాత చెరిపేయాలి.

నాలుగూ సమానంగా, తక్కువగా ఉండి ప్రెషర్ మాత్రం ఎక్కకపోతే రైలు చివర ప్రెషర్ మితిమీరితే తెరుచుకునే లిమిటర్ వాల్వ్ రిటర్న్ పైపు తీసి సెల్ఫ్ కొట్టండి, చుక్క కూడా రాకూడదు. తర్వాత చూడాల్సినవి ప్రెషర్ కంట్రోల్ వాల్వ్ ఓ-రింగ్ (రబ్బరు రింగు), పంపులోకి వెళ్లే డీజిల్‌ను కొలిచి వదిలే మీటరింగ్ వాల్వ్, ఫిల్టర్, డీజిల్ లైనులో గాలి పట్టడం. పంపు మాట చిట్టచివర.

ఒక్క హెచ్చరిక. పాత బండ్ల అలవాటుతో హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేసి చూడకండి. కామన్ రైల్‌లో ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇక కిట్ మన్నిక. గీతల రంగు డీజిల్ తగిలి ఏడాదిలోపే చెరిగిపోయింది. పేపర్ టేపు అంటించి మట్టాలు గుర్తు పెట్టుకుంటే చాలు, పోలికే కదా ముఖ్యం. గొట్టాలు రెండో ఏటికి పసుపెక్కి చివర్లు గట్టిపడ్డాయి. అసలు లోపం అడాప్టర్ రింగులది: మామూలు రబ్బరు డీజిల్‌లో ఉబ్బి మూతి దగ్గర కారుతుంది, మట్టం తప్పు చూపిస్తుంది. రాణిగంజ్‌లో నైట్రైల్ రింగులు కొని మార్చాక ఆ బాధ పోయింది. బాష్, డెల్ఫీ కంపెనీల ఇంజెక్టర్ల మూతులు వేరు కాబట్టి కొనేటప్పుడు పాత రిటర్న్ క్లిప్పు చేతిలో ఉండాలి. పీజో ఇంజెక్టర్లకు (కరెంటుకు సాగే స్ఫటికంతో పనిచేసేవి) రిటర్న్‌లో ఎదురు ప్రెషర్ అవసరం, ఈ కిట్ వాటికి వద్దు. రోటరీ పంపున్న ఇంకా పాత బండ్లకూ ఇది ఉపయోగపడదు. అక్కడ ఇంజిన్ ఆపి పంపు తలకు తడిగుడ్డ చుట్టి, చల్లారాక అందుకుంటే రోటర్ అరిగినట్టు. ఇంజిన్ ఆపడానికి డీజిల్‌ను మూసే స్టాప్ సొలినాయిడ్‌కు 12 వోల్టులిస్తే టక్కుమనకపోతే ముందు దాన్నే మార్చాలి.

ఇంట్లో ఒకటే బండి ఉంటే కిట్ అరువు తెచ్చుకోండి, చిన్న గ్యారేజీకైతే తప్పక ఉండాలి. దొంగ దొరికాక ఇంజెక్టర్‌ను డీజిల్ పంపులు బాగుచేసే షాపులో పరీక్ష బెంచి మీద కూడా చూపించి, దాని మీద సిలిండర్ నంబరు రాసి ఇవ్వండి. బిగించేటప్పుడు రాగి వాషర్ కొత్తది వేయాలి, కొత్త ఇంజెక్టర్ అయితే దాని మీది కోడ్‌ను ఈసీయూలో ఎక్కించాలి.