బండల పాలిష్ యంత్రానికి 22 మి.మీ. పుష్ బటన్ల సెట్టు: వాడకంలో తేలిన సంగతులు

తాడిపత్రిలోని మా బండల పాలిష్ యూనిట్‌లో పాత బటన్లు తీసివేసి, 22 మి.మీ. రకం కొత్త సెట్టును బిగించి వాడుతున్నాము. స్టార్ట్, స్టాప్ పుష్ బటన్లు, మూడు స్థానాల సెలెక్టర్ స్విచ్, గుండ్రటి ఎర్ర తల గల ఎమర్జెన్సీ స్టాప్ ఇందులో ఉన్నాయి. నొక్కుడు గట్టిగా, స్పష్టంగా ఉంది. తడిచేతితో తిప్పినా సెలెక్టర్ పిడి జారదు.

డబ్బాపై ఐపీ 65 (దుమ్ము, చిమ్మే నీళ్ల నుంచి రక్షణ స్థాయి) అని ముద్రించి ఉన్నా, ఆ రక్షణ ప్యానెల్ ముందువైపుకే వర్తిస్తుంది. వెనుక టెర్మినళ్లకు సాధారణంగా ఐపీ 20 మాత్రమే ఉంటుంది, అంటే నీళ్ల నుంచి రక్షణ ఉండదు. రాతిపొడి కలిసిన నీళ్లు రోజంతా చిమ్మే చోట కేబుల్ గ్లాండు (కేబుల్ పెట్టెలోకి వెళ్లే చోట బిగించే సీలు) వదులైతే, ముందున్న రబ్బరు వాషర్ ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. అందుకే కేబుళ్లన్నీ పెట్టె అడుగు నుంచే లోపలికి తెచ్చాము. 22.5 మి.మీ. రంధ్రం కొట్టాక అంచును ఆకురాయితో నున్నగా రుద్దకపోతే వాషర్ తెగుతుంది. స్విచ్ తిరిగిపోకుండా ఆపే చిన్న గాడిని కూడా తప్పక పెట్టించాలి. లేకపోతే పిడి తిప్పినప్పుడల్లా స్విచ్ మొత్తం తిరిగి, వెనుక వైర్లు వదులవుతాయి.

అసలు జాగ్రత్త ఎమర్జెన్సీ స్టాప్ దగ్గర కావాలి. దీని తల వేరు, వెనుక తగిలించే కాంటాక్ట్ బ్లాక్ (కరెంటును కలిపి, తెంచే భాగం) వేరు. బ్లాక్ క్లిప్పులో సరిగా పడకపోయినా, అదురుకు ఊడిపోయినా ఎన్‌సీ కాంటాక్ట్ (మామూలుగా మూసి ఉండి, బటన్ నొక్కితే తెరుచుకోవాల్సినది) మూసుకునే ఉండిపోతుంది గనుక, బటన్‌ను గుద్దినా మోటారు ఆగదు. బటన్ మాత్రం ఎప్పటిలాగే లోపలికి దిగి లాక్ అవుతుంది కాబట్టి బయటినుంచి చూస్తే ఈ లోపం తెలియదు. బ్లాక్ ఊడగానే సర్క్యూట్ దానంతట అదే తెగిపోయే రకాన్ని కొన్ని కంపెనీలు అమ్ముతున్నాయి. ధర ఎక్కువైనా ఇంత అదురుండే యంత్రానికి అదే కొనాలని నా అభిప్రాయం. ఈ సెట్టులో అది లేనందున, షిఫ్టు మొదట్లో మోటారు ఖాళీగా తిరుగుతుండగా బటన్ నొక్కి చూసే పనిని మేస్త్రీకి అప్పగించాము.

తిప్పిన చోటే నిలిచే సెలెక్టర్‌తో కాంటాక్టర్‌ను (కాయిల్‌తో పనిచేస్తూ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) నేరుగా నడిపిస్తే, పోయిన కరెంటు తిరిగి రాగానే యంత్రం తనంతట తానే తిరుగుతుంది. అప్పుడు ఎవరైనా పాలిష్ రాళ్లు మారుస్తూ ఉంటే చేయి పోయినట్టే. సెలెక్టర్‌ను ఆటో, మాన్యువల్ ఎంపికకే పరిమితం చేసి, యంత్రాన్ని స్టార్ట్ బటన్, హోల్డింగ్ కాంటాక్ట్ (స్టార్ట్ వదిలాక కూడా కాంటాక్టర్‌ను పట్టి ఉంచి, కరెంటు పోతే విడిపోయేది) ద్వారా నడిచేలా వైరింగ్ చేయించాలి. ఎమర్జెన్సీ బటన్‌ను తిప్పి వదిలినంత మాత్రాన కూడా మోటారు కదలకూడదు.

కాంటాక్టులపై ఏసీ-15 (కాయిళ్ల వంటి విద్యుదయస్కాంత లోడ్లకు వాడే తరగతి), 240 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. అది కాంటాక్టర్ కాయిల్‌కు సరిపోతుంది గాని మోటారుకు కాదు. చిన్న మోటారే కదా అని నేరుగా కలిపేవారు మా చుట్టుపక్కల తక్కువేమీ కాదు. బిగించేటప్పుడు మెయిన్ ఆపి తాళం వేయడంతో సరిపెట్టుకోకుండా, పక్క ప్యానెల్ నుంచి వచ్చే ఇంటర్‌లాక్ వైరులో (ఒక యంత్రం స్థితిని బట్టి మరొకదాన్ని నడవనివ్వని వైరు) కరెంటు ఉందేమో మీటరుతో చూడాలి.

స్టార్ట్‌కు ఎరుపు, స్టాప్‌కు ఆకుపచ్చ వాడకూడదన్న ఐఈసీ 60204-1 (యంత్రాల విద్యుత్ భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం) నియమానికి ఈ సెట్టు రంగులు సరిపోయాయి. ఎమర్జెన్సీ బటన్ వెనుక ఉండాల్సిన పసుపు పలక మాత్రం సెట్టులో రాలేదు. దాన్ని అనంతపురంలో విడిగా కొన్నాము.