విండోస్ రిపేర్ స్క్రీన్: ఏళ్లు వాడాక దేనికి ఎన్ని మార్కులు

లాప్‌టాప్ ఆన్ చేయగానే 'ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్' అంటుంది. తర్వాత 'స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్' అంటూ ఏదో ఒక పర్సెంట్ దగ్గర ఆగిపోయి, రీస్టార్టై మళ్లీ మొదటికొస్తుంది. విండోస్ 10, 11 రెండింట్లోనూ ఉన్న గోలే ఇది. దీన్ని వదిలించడానికి విండోస్ ఇచ్చిన టూల్స్ అన్నీ విజయవాడ గవర్నర్‌పేటలో సర్వీస్ బల్ల మీద ఏళ్ల తరబడి వాడి చూసినవే. వాటిలో ఒకటి మాత్రం చూసుకోకుండా నొక్కితే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

స్టార్టప్ రిపేర్ బటన్‌కు పదికి మూడు. విండోస్ మొదలవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లు చెడితే బాగుచేస్తుంది, డిస్కే చెడితే 'కుడ్ నాట్ రిపేర్' అని చేతులెత్తేస్తుంది. అది రాసిపెట్టే లాగ్ ఫైలు మాత్రం పనికొస్తుంది. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, లాగ్‌ఫైల్స్, ఎస్‌ఆర్‌టీ వరుసగా తెరిస్తే ఎస్‌ఆర్‌టీట్రైల్ అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. 'రూట్ కాజ్' అన్న చోట ఏ ఫైలు దగ్గర ఆగిందో చాలాసార్లు పేరుతో సహా దొరుకుతుంది.

అసలు సరుకు రిపేర్ స్క్రీన్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఉండే కమాండ్ ప్రాంప్ట్, అంటే కమాండ్లు టైప్ చేసే నల్ల విండో. డిస్క్ గుప్తీకరించి ఉంటే ముందు 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే అది చాలామందికి అక్కడే దొరుకుతుంది. లోపలికి వెళ్లాక సి డ్రైవ్ సి గానే ఉందనుకోవద్దు. డిస్క్‌పార్ట్ (diskpart) తెరిచి లిస్ట్ వాల్యూమ్ (list volume) కొడితే అక్షరాలు మారాయో లేదో తేలుతుంది. ఇది చూసుకోక 500 ఎంబీ చిన్న పార్టిషన్ మీద, డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ (chkdsk) కొట్టి, 'నో ప్రాబ్లమ్స్' వచ్చిందని సంబరపడేవాళ్లు ఎందరో.

అదే ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని కొట్టండి. ఫైల్, ఓపెన్‌కి వెళ్లి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే డ్రైవులన్నీ కనిపిస్తాయి. రైట్ క్లిక్‌తో కాపీ చేసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. ఎంత అయిందో చూపించే గీత రాదు, విండో బిగుసుకుపోయినట్టుంటుంది, కంగారుపడి పీకేయకూడదు. వన్‌టౌన్ కొట్ల లాప్‌టాప్ అయితే టాలీ డేటా ఫోల్డర్ ముందు, ఫొటోలు తర్వాత. ఈ ఒక్క సౌకర్యానికే పదికి తొమ్మిది.

ఇక చెక్‌డిస్క్. దీనికి రెండు ముఖాలు. కమాండ్ చివర /ఎఫ్ పెడితే ఫైల్ సిస్టమ్ లెక్కల్ని, అంటే ఏ ఫైలు ఎక్కడుందనే పట్టికల్ని మాత్రమే సరిచేస్తుంది, డిస్కు బాగుంటే ఎక్కువసేపు పట్టదు. బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడిచే లాప్‌టాప్‌లు మన ఊళ్లో కొల్లలు. ఎండాకాలం కరెంటు పోయిందంటే ఇన్వర్టర్ అందుకునేలోపే ఆరిపోతాయి. రాసే పని సగంలో ఆగడంతో డ్రైవ్ మీద డర్టీ బిట్, అంటే 'దీన్ని సరిచూడాలి' అనే గుర్తు పడుతుంది, అందుకే ఆన్ చేసిన ప్రతిసారీ స్కాన్. ఎఫ్‌ఎస్‌యుటిల్ డర్టీ క్వెరీ (fsutil dirty query) అని కొట్టి డ్రైవ్ అక్షరం ఇస్తే బిట్ ఉందో లేదో చెబుతుంది. ఇలాంటి కేసుల్లో /ఎఫ్‌కు పూర్తి మార్కులు, కానీ బ్యాటరీ మార్చకపోతే మళ్లీ అదే కథ.

/ఆర్ సంగతి వేరు. డిస్కులోని ప్రతి సెక్టారూ, అంటే డేటా దాచే ప్రతి చిన్న గడీ చదువుతుంది. సెకనుకు 100 ఎంబీ చదివే 1 టీబీ హార్డ్‌డిస్క్ బాగున్నా సుమారు మూడు గంటలు పడుతుంది. చెడిన సెక్టార్ తగిలితే డిస్కు దాన్నే పదేపదే చదవబోతుంది, హెడ్ టకటకలాడుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున్నే చూస్తే అదే పర్సెంట్. 'ఉంచేయండి, అదే అవుతుంది' అనే సలహా పోతున్న డిస్కుకు విషం. కాబట్టి /ఆర్ కొట్టేముందు హెల్త్ చూడాల్సిందే. హెచ్‌పీ అయితే ఎస్కేప్ నొక్కి ఎఫ్2, డెల్ అయితే ఎఫ్12లో డయాగ్నోస్టిక్స్. లేదా డిస్కు విప్పి యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి ఇంకో కంప్యూటర్‌లో డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో చూడండి. చెడిన సెక్టార్ల లెక్క చెప్పే 05, సి5, సి6 వరుసల్లో రా వాల్యూ సున్నా కాకపోతే, ముఖ్యంగా సి5 పెరుగుతుంటే, చెక్‌డిస్క్ జోలికి పోవద్దు. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎంతవరకు కాపీ అయిందో గుర్తుంచుకునే మ్యాప్ ఫైలు పెట్టుకుని, చెడిన డిస్కు నుంచి డేటా లాగే డీడీరెస్క్యూతో ఇంకో డిస్కులోకి కాపీ తీయాలి. రిపేర్ ఏదైనా ఆ కాపీ మీదే. కేబుల్‌లో డేటా తప్పులు లెక్కపెట్టే సి7 ఒక్కటే పెరుగుతుంటే డిస్కును అనకండి, సన్నటి రిబ్బన్ కేబుల్ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి లేదా మార్చండి.

బూట్ సెట్టింగులు మార్చే బీసీడీఎడిట్‌లో రికవరీఎనేబుల్డ్ నో పెట్టి ఆటోమేటిక్ రిపేర్‌నే ఆపేయడం, చెక్‌ఎన్‌టీఎఫ్‌ఎస్ /ఎక్స్‌తో స్కాన్ ఆపేయడం గురించి యూట్యూబ్‌లో తెగ చెబుతారు. జ్వరమొస్తే థర్మామీటర్ విసిరేసినట్టే. మొదటిది అసలు బ్లూస్క్రీన్ ఎర్రర్ ఏంటో చూడ్డానికి ఒకసారి వాడుకోవచ్చు, అంతే.

డిస్కు శుభ్రంగా ఉండి కూడా రిపేర్ స్క్రీనే వస్తుంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) తేదీ చూడండి. పాత తేదీ ఉంటే సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయినట్టు. సెట్టింగులు మొదటికొచ్చి స్టోరేజ్ మోడ్ (కంప్యూటర్ డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ, ఆర్‌ఎస్‌టీల మధ్య మారిపోవచ్చు. అప్పుడు 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' వస్తుంది. బ్యాటరీ మార్చి, మోడ్ పాతదానికి తిప్పితే చాలు, ఫార్మాట్ అక్కర్లేదు.

డిస్కు పోయిందని తేలితే 2.5 అంగుళాల శాటా ఎస్‌ఎస్‌డీ వేయండి. పాతది 9.5 ఎంఎం మందముంటే కొత్తది 7 ఎంఎమ్మే కాబట్టి పాత ఫ్రేమూ రబ్బర్లూ పారేయకండి, లేదంటే లోపల ఊగి కనెక్టర్ వదులవుతుంది. పాత సిస్టమ్‌ని క్లోన్ చేస్తే (ఉన్నదున్నట్టు కాపీ తీస్తే) చెడిపోయిన ఫైళ్లూ వెంటే వస్తాయి, ఫ్రెష్ ఇన్‌స్టాల్ మేలు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఎస్‌ఎస్‌డీ కొనేముందే ప్రాసెసర్ చూసుకోండి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే విండోస్ 11కి అధికారికంగా పనికొస్తుంది.