పాత అద్దెదారు వదిలిన కరెంటు బకాయి: కట్టేయాలా, కట్టించాలా, ఫిర్యాదు చేయాలా?

గ్యాసు కనెక్షను మనిషి పేరు మీద ఉంటుంది. ఇల్లు మారితే సిలిండరూ రెగ్యులేటరూ సామానుతో పాటు ట్రాలీ ఎక్కుతాయి. కరెంటు మీటరు గోడకే ఉండిపోతుంది. ఆ మీటరు మీద ఏ నెలలో ఎవరు కాపురం ఉన్నారో విద్యుత్తు పంపిణీ సంస్థకు తెలియదు, అక్కర్లేదు కూడా. దానికి తెలిసింది సర్వీసు నంబరు, ఆ నంబరు ఎవరి పేరున ఉందో ఆ పేరు. మన ఊళ్లలో ఆ పేరు దాదాపు ఎప్పుడూ ఇంటి యజమానిదే. కొన్ని ఇళ్లలో అయితే యజమాని తండ్రిది, ఆయన కాలం చేసి ఎన్నేళ్లయినా సరే.

అందుకే ఈ చిక్కు. కొత్త ఇంట్లో పాలు పొంగించి నెల తిరిగేసరికి బిల్లు వస్తుంది. ఈ నెల వాడకం ఎనిమిది వందలు, దాని కింద బకాయిల వరుసలో పదకొండు వేలు. ఓనరు గారికి ఫోను చేస్తే, ‘‘వాళ్లు అంతా కట్టేసే వెళ్లారు కదండీ, ఒకసారి ఆఫీసులో కనుక్కోండి’’ అంటారు. పాతవాళ్ల నంబరు స్విచాఫ్. కరెంటు ఆఫీసుకు వెళ్తే, ‘‘మీరెవరో మాకు తెలియదు, సర్వీసు మీద బాకీ ఉంది’’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ముగ్గురూ తలో వైపు చూస్తుంటే ఫ్యూజు పీకేది మాత్రం మన ఇంటికే.

చిక్కు విప్పాలంటే ‘బాకీ ఎవరిది’, ‘చీకట్లో కూర్చునేది ఎవరు’ అనే ప్రశ్నలను విడదీసుకోవాలి. మొదటిదానికి జవాబు తేలికే. పాత అద్దెదారు యజమానికి బాకీ, యజమాని సంస్థకు బాకీ. మీరు ఎవరికీ బాకీ లేరు. కానీ 2003 విద్యుత్ చట్టంలోని 56వ సెక్షను ప్రకారం బకాయి ఉన్న సర్వీసుకు 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి సరఫరా ఆపేయవచ్చు. ఆ నోటీసు యజమాని పేరున వస్తుంది, చీకటి మీ ఇంట్లో పడుతుంది. న్యాయం మీ వైపు ఉన్నా ఫ్యాను తిరగదు. కింద చెప్పే దారులన్నిటినీ ఈ దృష్టితోనే తూచాలి.

ముందుగా, తేలిగ్గా తట్టే ఒక ఉపాయాన్ని పక్కన పెట్టేద్దాం: ‘ఆ సర్వీసు వదిలేసి అదే ఇంటికి కొత్త మీటరు పెట్టించుకుంటే?’ కుదరదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదించిన సరఫరా షరతుల్లో 8.4 నిబంధన ఇల్లు అమ్మేవాళ్ల గురించి చెబుతూ, పాత బాకీ తీరేదాకా ఆ ఆవరణకు ఉన్న కనెక్షను ద్వారా గానీ, కొత్త కనెక్షను ద్వారా గానీ సరఫరా నిరాకరించవచ్చని స్పష్టంగా అంది. ఇలాంటి షరతులు చెల్లుతాయా అన్న పేచీ ఏళ్ల తరబడి నడిచి, 2023 మే 19న కె.సి. నినన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో తేలింది: నిబంధనల్లో రాసి ఉంటే, పాత యజమాని బకాయి కడితేనే కొత్త యజమానికి కనెక్షను ఇస్తామనే హక్కు సంస్థకు ఉంది. అది వేలంలో ఆస్తులు కొన్నవాళ్ల కేసు, అద్దెదారులది కాదు. అయినా కొన్నవాడికే దిక్కు లేనప్పుడు అద్దెకున్నవాడు కొత్త మీటరు అడిగి నెగ్గుతాడని ఆశపడటం వృథా.

ఇక నికరంగా మిగిలేవి మూడు దారులు.

ఓనరు చేత కట్టించడం

న్యాయంగా ఇదే సరైనది. పాతవాళ్లు ఇచ్చిన అడ్వాన్సు ఖాళీ చేసే రోజు దాకా యజమాని చేతిలోనే ఉంది. ఆఖరి బిల్లు చూడకుండా అది తిరిగి ఇచ్చేయడం ఆయన పొరపాటు, దాని ఖరీదు ఆయనే భరించాలి. సర్వీసు ఆయన పేరునే ఉంది కాబట్టి సంస్థ కూడా చివరికి వెతుక్కునేది ఆయన్నే.

దీనితో ఉన్న ఇబ్బంది కాలం. ‘వచ్చే వారం చూద్దాం’ అనేవారిని తొందరపెట్టే సాధనం మన దగ్గర లేదు. లైన్‌మన్ వచ్చేది మన గుమ్మానికి, ఓనరు ఉండేది ఇంకో పేటలోనో, ఇంకో దేశంలోనో. కాబట్టి మాటతో ఆగకూడదు. బిల్లు ఫొటో, మీరు ఇంట్లో దిగిన తేదీ, ఆ రోజు మీటరు రీడింగు, ఎప్పటిలోగా కట్టాలో తేదీ, ఈ నాలుగూ ఒకే సందేశంలో వాట్సాప్‌లో పంపండి. ‘సరే అమ్మా, కడతాను’ అని ఆయన పెట్టే ఒక్క జవాబు తర్వాత చాలా పనికొస్తుంది. అంతకన్నా గట్టిగా మొదటి నెలలోనే పోట్లాడితే మాత్రం, పదకొండు నెలల అగ్రిమెంటు మిగతా పది నెలలూ మంచినీళ్ల మోటారు దగ్గర కూడా పేచీయే.

మనమే కట్టి అద్దెలో మినహాయించుకోవడం

నా ఓటు చాలా సందర్భాల్లో దీనికే. కాకపోతే ఒక షరతు: మినహాయింపుకు యజమాని ఒప్పుకున్నట్టు రాతలో ఉండాలి, అది కూడా డబ్బు కట్టక ముందే. కట్టేశాక అడిగితే అది బేరం అవుతుంది. ముందే అడిగితే, జేబులోంచి తీయనక్కర్లేదు కాబట్టి చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు.

చట్టం అండ కూడా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 69వ సెక్షను అని ఒకటుంది. ఇంకొకరు చట్టప్రకారం కట్టాల్సిన సొమ్మును, దానివల్ల తనకు నష్టం కలగకుండా ఉండటానికి మరొకరు కడితే, కట్టినవాడికి ఆ సొమ్ము రాబట్టుకునే హక్కు ఉంటుంది. అద్దె ఇంట్లో పాత బకాయి దీనికి అచ్చంగా సరిపోతుంది. పదకొండు వేల కోసం ఎవరూ కోర్టు మెట్లెక్కరన్నది నిజమే. కానీ మర్యాదగా రాసే సందేశంలో ఆ సెక్షను నంబరు ఒకటి ఉంటే ఓనరు గారి స్వరం కొంచెం మారుతుంది.

కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోను యాప్‌లో ఏ సర్వీసు నంబరుకైనా ఎవరైనా కట్టవచ్చు, అయితే రసీదు మీద పేరు సర్వీసు ఎవరిదో వారిదే వస్తుంది. కట్టింది మీరేనని చెప్పేది మీ బ్యాంకు ఖాతా వివరమే. నగదు తీసుకెళ్లి కౌంటరులో కట్టి వస్తే ఆ ఆధారం కూడా ఉండదు.

బకాయి మీ ఒక నెల అద్దెకు లోపు ఉంటే ఈ దారిలో వెనకాడక్కర్లేదు. రెండు మూడు నెలల అద్దె దాటితే ఆలోచించాలి. అంత సొమ్ము మినహాయింపులో తిరిగి రావాలంటే మీరు ఆ ఇంట్లో అన్ని నెలలూ ఉండి తీరాలి, అంటే ఓనరుకే మీరు అప్పు ఇచ్చినట్టు. అలాంటప్పుడు ఈఆర్వోలో, అంటే కరెంటు బిల్లుల వ్యవహారాలు చూసే రెవెన్యూ ఆఫీసులో, వాయిదాలకు అర్జీ పెట్టించడం నయం. వాయిదాలు హక్కు కాదు, అధికారి దయ. అర్జీ మీద సంతకం యజమానిదైతేనే మేలు, మీరు సంతకం చేస్తే బాకీ మీదేనని ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది.

ఫిర్యాదు చేయడం

ప్రతి పంపిణీ సంస్థకూ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అందరూ సీజీఆర్‌ఎఫ్ అనేది దాన్నే. అక్కడ న్యాయం దొరకకపోతే పైన విద్యుత్ అంబుడ్స్‌మన్. సర్వీసు మన పేరున లేదు కదా, మన మాట వింటారా అనే సందేహం చాలామందికి. విద్యుత్ చట్టంలో వినియోగదారుడంటే ఎవరి ఆవరణకు ప్రస్తుతం సరఫరా ఉందో వాళ్లు కూడా. అద్దెదారుకూ గొంతు ఉంది.

అయితే దేనికి వెళ్లాలో తెలిసి వెళ్లాలి. ‘ఇది నేను వాడింది కాదు, పాతవాళ్లు వాడింది’ అన్న ఒక్క వాదనతో వెళ్తే ఒరిగేది తక్కువ, ఎందుకంటే సంస్థ ఆ సొమ్ము అడుగుతున్నది మిమ్మల్ని కాదు, సర్వీసును. బిల్లే తప్పయితే మాత్రం ఇదే దారి. మీటరు పాడై నెలల తరబడి సగటు వేసి చివర్లో ఒకేసారి కుమ్మరించారా? నాలుగేళ్ల కిందటి మొత్తం ఉన్నట్టుండి పుట్టుకొచ్చిందా? 56వ సెక్షనులోనే రెండేళ్ల గడువు ఉంది: మొదట కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటిన సొమ్మును, ప్రతి బిల్లులో బకాయిగా చూపిస్తూ వస్తే తప్ప, ఈ సెక్షను కింద వసూలు చేయకూడదు. పాత బిల్లులన్నీ ముందేసుకుని ఆ వరుస ఎప్పుడు మొదలైందో చూడండి.

అదే సెక్షనులో ఇంకో వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు అరుదు. వివాదం నడుస్తుండగా, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల్లో కట్టిన సగటు చొప్పున నెలనెలా ఛార్జీ గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది ‘అభ్యంతరం తెలుపుతూ’ జమ చేస్తే సరఫరా ఆపకూడదు. అంటే పదకొండు వేలు కక్కకుండానే ఫ్యూజు నిలుస్తుంది. ఈ మాట అర్జీలో రాసి, కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

బకాయి కన్నా పెద్ద ప్రమాదం

ఒక సందర్భంలో మాత్రం పై మూడు దారులూ మరిచిపోండి. పాతవాళ్లు ఇంట్లో టైలరింగ్ షాపో, హాస్టలో నడిపి గృహ వినియోగం ధర కట్టారనుకోండి, లేదా మీటరును ట్యాంపర్ చేశారనుకోండి. తనిఖీ బృందం వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నది మీరు. విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అంచనా నోటీసు ఇచ్చేది ఆవరణలో ఉంటున్నవారికే. ఎప్పటి నుంచి దుర్వినియోగం జరిగిందో తేలకపోతే వెనక్కి 12 నెలలు లెక్కేసి రెట్టింపు ధర వేస్తారు. మీరు దిగి నెలే అయిందని చెప్పడానికి అగ్రిమెంటు తప్ప ఇంకో సాక్ష్యం ఉండదు. తనిఖీ కాగితం మీద సంతకం పెట్టమంటే, ‘ఫలానా తేదీన అద్దెకు దిగాను’ అని మీ చేత్తో రాసి పెట్టండి. ఈ రకం సొమ్మును మంచితనానికి పోయి మీరు కట్టి మినహాయించుకుందామనుకోకండి, అది యజమాని తేల్చుకోవాల్సిన వ్యవహారం. ఆయన తప్పించుకుంటే ఇల్లు మారడమే చవక.

మొదటి బిల్లు పంపకం

బకాయి లేకపోయినా మొదటి నెల బిల్లులో సగం రోజులు పాతవాళ్లవి ఉంటాయి. తెలంగాణలో 2022-23లో అమల్లోకి వచ్చిన గృహ ధరలు తీసుకుందాం. నెల మొత్తం 310 యూనిట్లు, అందులో వాళ్లవి 220, మీవి 90. వాడకం 200 దాటింది కాబట్టి మొదటి యూనిటు నుంచీ పెద్ద ధరే: 200కు 5.10 చొప్పున, తర్వాతి వందకు 7.70, ఆ పై పదికి 9 రూపాయలు. యూనిట్ల ఛార్జీ మొత్తం 1,880. ఓనరు ‘చెరి సగం’ అంటే మీ వాటా 940. పాతవాళ్లు ‘మా 220కి లెక్కేసి 1,174 ఇచ్చేశాం’ అంటే మీకు మిగిలేది 706. యూనిట్ల నిష్పత్తిలో పంచితే 546. మీ 90 యూనిట్లే విడిగా అయి ఉంటే 222 రూపాయలు కూడా దాటేది కాదు. నిష్పత్తి లెక్కే అందరికీ న్యాయం, అది అడగాలంటే దిగిన రోజు రీడింగు మీ ఫోనులో ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి తోడు ఇంధన సర్దుబాటు ఛార్జీ ఉంది, అంటే కరెంటు కొనుగోలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడాను తర్వాతి బిల్లుల్లో కలపడం. 2022-23లో వాడిన యూనిట్ల మీద 6,072 కోట్ల రూపాయలను 2024 డిసెంబరు నుంచి 15 నెలల్లో వసూలు చేసుకోవడానికి అక్కడి నియంత్రణ మండలి అనుమతించింది. అంటే 2022-23లో ఆ ఇంట్లో రెండు ఏసీలు తిప్పినవాళ్ల లెక్క, తర్వాత ఫ్యానుతో సరిపెట్టుకునే అద్దెదారు బిల్లులో తేలింది. దీని మీద ఫిర్యాదు నిలవదు. ఓనరుతో పంచుకోవడం ఒక్కటే మార్గం, అది కూడా ఇంట్లో దిగక ముందు మాట్లాడుకుంటేనే.

బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలకు లెక్క తిరగబడుతుంది. అక్కడ బాకీ మనిషి వెంటే వెళ్తుంది, ఇంటిని పట్టుకుని ఉండదు. కట్టాల్సిన అవసరమూ లేదు, కట్టకూడదు కూడా. ముందే డబ్బు వేసుకునే మీటరున్న ఇంట్లోనే చిక్కంతా. పాతవాళ్ల అప్పు ఆ మీటరులో నమోదై ఉంటే, మీరు వేసే ప్రతి పది పౌండ్లలో కొంత దానికే పోతుంది. డబ్బు నింపడానికి ఆ మీటరుకు పెట్టే తాళంచెవి ఒకటి ఉంటుంది; పాతవాళ్ల చెవితో డబ్బు వేయక ముందే సరఫరా కంపెనీకి ఫోను చేసి, దిగిన తేదీ, రీడింగు చెప్పి, కొత్త చెవి తెప్పించుకోవాలి. పాతవాళ్ల పేరున వసూలు ఉత్తరాలు వస్తే అద్దె ఒప్పందం చూపిస్తే చాలు.

చివరిగా ఏసీడీ, అంటే అదనపు వినియోగ డిపాజిట్. పాతవాళ్లు ఎక్కువ కరెంటు వాడారు కాబట్టి ఆ సర్వీసుకు ఇంకొంత డిపాజిట్ కట్టమని బిల్లులో వచ్చే మొత్తమే ఇది. 2023 జనవరిలో ఉత్తర తెలంగాణలో దీని మీద పెద్ద గొడవే అయింది. ఇది ఖర్చు కాదు, డిపాజిట్. యజమాని పేరునే ఉంటుంది, విద్యుత్ చట్టం 47వ సెక్షను ప్రకారం దానికి వడ్డీ కూడా వస్తుంది. ఆయన ఆస్తిని పెంచే సొమ్మును మీరు కట్టడంలో అర్థం లేదు, తప్పనిసరై కడితే ఆ నెల అద్దెలోనే పట్టుకోండి. పట్టుకోలేకపోతే బ్యాంకు వివరం దాచి ఉంచి, ఖాళీ చేసే రోజు అడ్వాన్సుతో కలిపి అడగండి.