హన్మకొండ శనివారం కౌన్సెలింగ్: ఆరు సిట్టింగుల తర్వాత నా మాట

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే) దుకాణంలో గుమాస్తాను. మొన్న మార్చిలో, మిర్చి జోరుగా వస్తున్న రోజుల్లో, పరకాల వైపు రైతు ఒకాయనకు తేజ రకం మిర్చి బస్తాల లెక్కలో 11 వేలు తక్కువ రాశాను. మర్నాడే తప్పు దొరికింది, డబ్బు ఇచ్చేశాం, ఆయన పల్లెత్తు మాట అనలేదు. కానీ నా నిద్ర ఆ రోజే పోయింది. రాత్రి రెండింటికి లేచి, హాల్లో లైటు వేసుకుని పాత తక్‌పట్టీలు (రైతుకు రాసిచ్చే అమ్మకం లెక్క కాగితాలు) మళ్లీ మళ్లీ కూడేవాణ్ణి. "అయిపోయిన లెక్క ఇంకెన్నిసార్లు కూడుతవ్?" అని మా ఆవిడ ఏడ్చింది ఒక రాత్రి.

సైకాలజీ పీజీ చదివే పిల్లలు హన్మకొండలో శనివారాలు ఉచితంగా కౌన్సెలింగ్ చేస్తారని మా అమ్మాయి చెప్పింది. చోటు పేరు రాయడం లేదు, కింద కొన్ని లోపాలు కూడా చెప్పాను కాబట్టి.

వీళ్లు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. అది వాళ్ల మేడమ్‌కు ఉంది, పిల్లలకు లేదు. ఆ సంగతి మొదటి నిమిషంలోనే చెప్పారు. "మీరు చెప్పింది మా మేడమ్‌తో మాట్లాడతాను అంకుల్, మీకు సమ్మతమేనా?" అని అడిగాకే నాతో కూర్చున్న పీజీ అమ్మాయి పెన్ను పట్టింది. మాత్రలు రాయరు. ముందు థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకుని రమ్మని పంపింది. సాయంత్రం నాలుగు తర్వాత ఎన్ని టీలు తాగుతారంటే లెక్కపెట్టి చూసుకున్నాను, ఐదు.

తర్వాత తొమ్మిది ప్రశ్నల ఫారం. పీహెచ్‌క్యూ-9 అంటారు, కుంగుబాటు (డిప్రెషన్) ఎంత ఉందో చూసేది. గత రెండు వారాలు ఎలా గడిచాయో ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27కు. అది ఇంగ్లిషులో ఉంది. వచ్చేవాళ్లలో సగం మంది పల్లెలవాళ్లే, తెలుగు ఫారం బల్ల మీద ఉండాల్సింది. ఆ అమ్మాయి ఒక్కో ప్రశ్న తెలుగులో చదివింది. ఇష్టమైన పనుల మీద ఆసక్తి తగ్గిందా అంటే లేదన్నాను. "మరి చివరిసారి ఇష్టంగా ఏం చేశారు అంకుల్?" అంది. ప్రతి ఆదివారం భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేవాణ్ణి. ఎప్పుడు మానేశానో గుర్తు రాలేదు. ఆమె ఏమీ అనకుండా కాసేపు ఆగి, సున్నా కొట్టేసి రెండు వేసింది.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. గొంతు తగ్గించలేదు, చూపు తిప్పుకోలేదు, మిగతా ఎనిమిది అడిగినట్టే అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయట. నాకు ఆ ఆలోచన లేదు. కానీ ఉంటే ఆ గదిలో చెప్పగలిగేవాణ్ణి. మొత్తం 14 వచ్చింది, మధ్యస్థం అంది.

నాకు పనిచేసినవి రెండు. బోర్కోవెక్ అనే అమెరికా సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు 1983లో రాసిన పద్ధతి: దిగులు పడొద్దని చెప్పరు, దిగులుకు రోజూ ఒకే చోట, ఒకే వేళలో అరగంట కేటాయిస్తారు. మధ్యలో గుర్తొస్తే చీటీ మీద రాసుకుని ఆ వేళకు వాయిదా వెయ్యాలి. నాది సాయంత్రం ఆరున్నర, మెట్ల మీద. మొదటి రోజు చీటీలో పద్నాలుగు దిగుళ్లు. పదో రోజు మూడు, అందులో ఒకటి మా స్కూటరు ఇన్సూరెన్స్.

రెండోది నిద్ర. తొమ్మిదిన్నరకే మంచమెక్కి దొర్లడం మాన్పించి, పదకొండున్నరకు పడుకుని ఐదింటికి లేవమంది. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే మంచం దిగాలి, తక్‌పట్టీలు మాత్రం ముట్టకూడదు. మొదటి వారం కళ్లు మండిపోయాయి. ముందే హెచ్చరించింది కాబట్టి ఆ వారమంతా బండి తీయకుండా ఆటోలో పోయాను. మూడో వారం నుంచి తెల్లవార్లూ ఒక్క తీరుగా పడుకున్నాను.

నా మార్కులు తన పరిశోధనకు వాడుకోవచ్చా అని కూడా అడిగింది. పేరుండదు, నంబరే ఉంటుంది, వద్దంటే కౌన్సెలింగ్ ఆగదు, ఎప్పుడైనా తప్పుకోవచ్చు. మూడు మాటలూ కాగితం మీద చూపించాకే సంతకం పెట్టాను. నా నంబరు 23.

ఇక నచ్చనివి. గదికీ గదికీ మధ్య అట్టగోడ. పక్కన ఎవరో ఆడమనిషి ఏడుస్తుంటే నాకు వినిపించింది, అంటే నా మాటలూ ఆమెకు వినిపించి ఉంటాయి. దీన్ని రేపే సరిచెయ్యాలి. ఇంకొకటి, నాలుగో సిట్టింగు తర్వాత ఆ అమ్మాయి కోర్సు అయిపోయింది. ఐదోసారి కొత్త పిల్లవాడికి ఆ 11 వేల సంగతి మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది, ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు. పోయేముందు ఇద్దరూ కలిసి ఒక్కసారి కూర్చుంటే ఈ బాధ ఉండేది కాదు.

శనివారం దాకా ఆగలేని స్థితి ఉంటే ఇది సరిపోదు. అలాంటప్పుడు 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు నుంచి ఉంది, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఆరో సిట్టింగులో నా మార్కులు 6. ఈ శనివారం మా పక్క అడ్తి గుమాస్తాను తీసుకెళ్తున్నా. వాడు రెండు నెలలుగా ఎవరితోనూ సరిగా మాట్లాడట్లేదు. పదింటికి మొదలుపెడతారు కానీ తొమ్మిదికే పేరు రాయించాలి, అందుకని ఎనిమిదిన్నరకు వాడి ఇంటి ముందు ఉంటానని చెప్పాను.