లాకెట్ ఫొటోలకు గింప్: ఏళ్ల తరబడి వాడాక

లాకెట్, కీచైన్, ఫ్రిజ్ మాగ్నెట్ లాంటి బుల్లి ప్రింట్ల పనంతా కొన్నేళ్లుగా గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తున్నాను. 2.10 వెర్షన్‌తో మొదలుపెట్టి, 2025లో వచ్చిన 3.0కి మారాను. ఉచితంగా దొరికేవాటిలో ఇంత కచ్చితంగా కోసే క్రాప్ టూల్ నాకు ఇంకెక్కడా కనిపించలేదు. షీటు మీద ఫొటోలు పేర్చడం మాత్రం ఇందులో విసుగు పని.

షిఫ్ట్+సి నొక్కితే క్రాప్ టూల్ వస్తుంది. ఆప్షన్లలో 'ఫిక్స్‌డ్' దగ్గర టిక్ పెట్టి, పక్క మెనూలో 'ఆస్పెక్ట్ రేషియో' (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) ఎంచుకుని, 35×45 మి.మీ. ఫొటోకైతే 35:45 అని కొడితే, ఆ తర్వాత అంచు ఎంత లాగినా నిష్పత్తి చెదరదు. అదే మెనూలో 'సైజ్' కూడా ఉంటుంది, చాలామంది బోల్తా పడేది అక్కడే. అందులో 413×531 పిక్సెళ్లు అని కొడితే ఫొటో కుదించుకుపోదు, అంత ముక్క మాత్రమే తెగుతుంది. పెద్ద ఫొటో అయితే ఒక కన్నూ సగం ముక్కూ చేతికొస్తాయి. ముందు నిష్పత్తితో కోయాలి, కుదించడం ఆ తర్వాతే.

ఎక్కడ కోయాలన్నదే అసలు విషయం. 20 మి.మీ. ఎత్తున్న లాకెట్‌లో నిలువెత్తు ఫొటో పెట్టారనుకోండి. మనిషి ఎత్తులో తల ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది కాబట్టి ముఖం 3 మి.మీ. కూడా రాదు. 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) దగ్గర అది ముప్ఫై పిక్సెళ్ల పైచిలుకు, కళ్లు రెండు చుక్కలుగా మిగులుతాయి. అందుకే ముఖం ఎత్తులో మూడింట రెండు వంతులు ఆక్రమించేలా కోస్తాను. లాకెట్ అంచు ఫొటో మీదికి వస్తుంది కాబట్టి చుట్టూ ఒకటిన్నర మి.మీ. ఖాళీ వదలాలి. లేకపోతే జుట్టూ గడ్డమూ ఫ్రేమ్ కింద నలిగిపోతాయి. ఇద్దరి ముఖాలు దూరం దూరంగా ఉంటే ఒకే క్రాప్‌లో ఇరికించవద్దు, విడివిడిగా కోసి చెరో రేకులో పెట్టడమే అందం.

కొలతకు మి.మీ.ని 25.4తో భాగించి 300తో హెచ్చించాలి. 35×45 మి.మీ.కి 413×531 పిక్సెళ్లు, 15×20కి 177×236. కోశాక మిగిలిన పిక్సెళ్లు ఇంతకంటే తక్కువైతే సాగదీయకుండా కాస్త వెడల్పుగా మళ్లీ కోయడం మేలు. ఫొటోను కుదించే 'స్కేల్ ఇమేజ్' మెనూలో వెడల్పు, ఎత్తుల పక్కనుండే గొలుసు గుర్తు తెగి ఉంటే ముఖం సాగుతుంది, ఒక్కసారి చూసుకోండి. సైజు సగానికంటే తగ్గేటప్పుడు ఇంటర్‌పొలేషన్‌లో (కొత్త పిక్సెళ్లను లెక్కగట్టే పద్ధతి) 'నోహేలో' పెట్టుకోవచ్చు. 'ప్రింట్ సైజ్' అనే మరో మెనూ ఉంది, అది పిక్సెళ్లను ముట్టుకోదు, సాంద్రత అంకెను మాత్రమే మారుస్తుంది. అక్కడ 300 పెట్టి ఫొటో చిన్నదైందనుకోవద్దు.

అంచులకు పదును పెట్టే షార్పెన్ ఫిల్టర్ కుదించాకే వాడాలి, ముందు చేసింది కుదింపులో కొట్టుకుపోతుంది. రేడియస్ 0.5 నుంచి 0.8, అమౌంట్ 0.5 చాలు. 3.0లో ఈ ఫిల్టర్‌ను తర్వాత కూడా తెరిచి దిద్దుకోవచ్చు, పాత వెర్షన్ నుంచి మారడానికి నాకు ఈ ఒక్కటే చాలింది. చిన్న ప్రింటులో నీడలు ముద్దగా కనిపిస్తాయి కాబట్టి వెలుగునీడలు సరిచేసే కర్వ్స్ టూల్‌లోని గీతను మధ్యలో కొద్దిగా పైకెత్తుతాను.

ఇక పేర్చడం. 4×6 అంగుళాల షీటు అంటే 1200×1800 పిక్సెళ్లు. 35×45 ఫొటోలు నిలువుగా పెడితే ఆరే పడతాయి, అడ్డంగా తిప్పితే ఎనిమిది. మధ్యలో 12 పిక్సెళ్లు, అంటే 1 మి.మీ. సందు వదిలితే కత్తెర పడటానికి చోటుంటుంది. ఇదంతా గింప్‌లో గైడ్లు (కొలతకు పెట్టుకునే, ప్రింటులో రాని గీతలు) లాగి చేత్తో చేయాల్సిందే.

అంత కష్టపడ్డాక కూడా ప్రింటు కొలత తప్పొచ్చు. అంచుల్లేని ప్రింటు తీసేటప్పుడు యంత్రాలు బొమ్మను కొంచెం పెంచి చివర్లు కోసేస్తాయి. అందుకే నిలువు వరుసల మధ్య సందులో 591 పిక్సెళ్ల సన్నటి గీత గీస్తాను. ప్రింటు మీద స్కేలు పెడితే అది సరిగ్గా 50 మి.మీ. ఉండాలి. 51 వచ్చిందంటే ఫొటోలను 405×521కి తగ్గించి మళ్లీ పేర్చాలి. ఇంట్లో ప్రింటర్ అయితే 'ఫిట్ టు పేజ్' తీసేసి అసలు సైజులోనే ప్రింట్ ఇవ్వండి. దిద్దుబాట్లన్నీ గింప్ సొంత ఫైలు రకమైన ఎక్స్‌సీఎఫ్‌లోనే చేసి, జేపెగ్‌ను ప్రతిసారీ దాన్నుంచే కొత్తగా 95 క్వాలిటీతో తీయండి. జేపెగ్‌నే తెరిచి మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే బుగ్గల మీద గళ్లు పడతాయి.